లేని త్రిభుజం

కరీంనగర్,
మే 14

మమతా,

ఈ కాలంలో ఉత్తరమేమిటని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోనులో రాయకపోవడానికి కారణం ఉంది. సాయంత్రమైతే నా ఫోను మా పాప భవ్యశ్రీ చేతికి పోతుంది. బడివాళ్ళు హోంవర్కు అందులోనే పంపుతారు. నేను రాయబోయేది దాని గురించే కాబట్టి అది చదవడం నాకిష్టం లేదు. పెద్దపల్లి బళ్ళో మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. నువ్విప్పుడు సర్కారు బళ్ళో లెక్కల టీచరువి. నాకు ఇంకెవరినీ అడిగే చనువు లేదు.

మొన్న ఆదివారం మామిడికాయ తొక్కు పెట్టాను. మా ఇంటి కొలత నాలుగు గిన్నెల ముక్కలకు ముప్పావు గిన్నె ఉప్పు. ఈసారి ముక్కలు ఏడు గిన్నెలయ్యాయి. ఉప్పు ఎంతో నాకు తెలుసు. అయినా పక్కన కూర్చున్న భవ్యను అడిగాను.

"బిడ్డా, ఏడు గిన్నెలకు ఉప్పెంత పడ్తది?"

"ఆప్షన్లు చెప్పు మమ్మీ."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. "తొక్కుకు ఆప్షన్లేందే?"

"ఊకె చెప్పుమంటె ఎట్ల చెప్పాలె? నాలుగు చెప్పు. అండ్ల ఒకటి పట్టుకుంట."

నాకు పంతం వచ్చింది. కావాలనే అన్నీ తప్పులే చెప్పాను. "అర గిన్నె, రెండు, రెండున్నర, మూడు."

రెప్ప వేసేలోపల "రెండు" అంది.

"ఎట్ల?"

"అర మస్తు తక్కువ. మూడు మస్తు ఎక్కువ. రెండున్నర నన్ను పరేషాన్ చేయనీకి పెట్టినవ్. ఇగ మిగిలింది రెండే."

"నేను చెప్పినవాట్ల ఒక్కటి గూడ సరైంది లేకుంటే?"

"ఉంటది మమ్మీ. ఎప్పుడైనా నాలుగిట్ల ఒకటి ఉంటది."

ఒకటింపావు మీద కాస్త పడాల్సిన చోట రెండు గిన్నెల ఉప్పు వేస్తే ఆ తొక్కు ఎవరు తింటారు? ఆ మాటే అంటే, "అయితె నువ్వే తప్పు ప్రశ్న ఇచ్చినవ్" అని లేచిపోయింది.

మమతా, ఇది మొద్దు పిల్ల కాదు. ఆరో తరగతిలో బడి మొత్తానికి మూడో ర్యాంకు. స్టార్ సెక్షన్. తొమ్మిదో తరగతి పాఠాలు ఇప్పుడే చెప్తున్నారు. వాళ్ళ నాన్న పండ్లు కొనడానికి పోయినా దాని ర్యాంకు చెప్పి వస్తాడు. జూన్‌లో ఏడుకు వస్తుంది. నేను వంటింట్లో కూర్చుని ఆలోచిస్తుంటే ఒక్క ప్రశ్నే మిగులుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది చదివే పిల్లలు లెక్కల్లో అసలు నేర్చుకోవాల్సింది ఏమిటి? నా బిడ్డ అది నేర్చుకుంటోందా?

వీలు చూసుకుని రాయి.

అనసూర్య


ఖానాపూర్,
మే 27

అనసూర్యా,

నీ ఉత్తరం ఇచ్చి మా పోస్ట్‌మ్యాన్, "భయపడకుండ్రి మేడం, కోర్టు నోటీస్ కాదు, మనిషి రాసిందే" అన్నాడు. ఈ ఊళ్ళో చేత్తో రాసిన ఉత్తరానికి అంత విలువ.

సూటిగా చెప్తాను, కోపం తెచ్చుకోకు. నీ బిడ్డకు జవాబులు వస్తాయి. లెక్కలు రావు.

మా ఏడో తరగతిలో ఏప్రిల్ నెలలో ఒకడు, అర కన్నా మూడోవంతు పెద్దదన్నాడు. ఎందుకురా అంటే, "రెండు కంటె మూడు పెద్దది కద మేడం" అన్నాడు. తప్పని నేను చెప్పలేదు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు తెచ్చాను. ఒక రొట్టె ఇద్దరికి, ఇంకొకటి ముగ్గురికి. వాడిని ముగ్గురిలో కూర్చోబెట్టాను. తన ముక్క చూసుకున్నాడు, పక్క గుంపు ముక్క చూశాడు, "మేడం, నన్ను అండ్లకు మార్చుండ్రి" అన్నాడు. వాడికి భిన్నం ఆ క్షణంలో వచ్చింది. ఇక జన్మలో పోదు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఈ మూడేళ్ళలో పిల్ల నేర్చుకోవాల్సింది ఇది: తను చేసింది తప్పో ఒప్పో పుస్తకం వెనక పేజీ తిప్పకుండా, ఎవరి మొహం చూడకుండా తానే చెప్పగలగాలి. భిన్నాలు, నిష్పత్తులు, అంకెల బదులు అక్షరాలు పెట్టడం, త్రిభుజాలు, అన్నీ అందుకోసం పట్టుకునే పనిముట్లే. చిన్న తరగతుల్లో చెప్పింది నమ్ముతారు. పెద్ద తరగతుల్లో పరీక్షకు కావలసింది నేర్చుకుంటారు. మధ్యలో ఈ మూడేళ్ళే "ఎందుకు" అని అడగడానికి సిగ్గుపడని వయసు. అది దాటిపోతే మళ్ళీ రాదు. మీ బడివాళ్ళు ఆ వయసులోనే నోరు కుట్టి నాలుగు గళ్ళు చేతిలో పెడుతున్నారు.

సరే, తిట్టి ఊరుకుంటే పని కాదు. నెలకో లెక్క పంపిస్తాను. కాగితం మీదే చేయాలి, కాగితం మీదే నాకు రావాలి. నువ్వు సాయం చేయకూడదు, గడియారం చూడకూడదు. ఎన్ని రోజులు పట్టినా సరే.

మొదటిది. రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి సంఖ్య వస్తుంది. ఎప్పుడూ వస్తుందా? వస్తే ఎందుకు?

మమత


కరీంనగర్,
జూలై 6

మమతా,

నీ లెక్క చూసి భవ్య మొదట నవ్వింది. "గిది మూడో తరగతిది" అంది. పది జతలు కూడి, పదింటికీ సరి సంఖ్యే వచ్చిందని రాసి నా చేతికిచ్చింది. నువ్వు సాయం వద్దన్నావు గానీ ఎదురు ప్రశ్న వద్దనలేదు కాబట్టి, "పదకొండోసారి రాకుంటే?" అన్నాను.

ఇంకో పది కూడింది. "ఇరవై ఒకటోసారి?" అన్నాను. కాగితం విసిరి కొట్టింది.

పదహారు రోజులు దాని ఊసే లేదు. బడి పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు, ఎప్పుడు ఆలోచిస్తుందిలే అనుకున్నాను. మొన్న బస్సు దిగి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, "మమ్మీ, దొరికింది, బెంచీలు" అంది. అది రాసిన కాగితం ఇందులోనే పెట్టాను. దాని తెలుగు స్పెల్లింగులు మాత్రం నేను దిద్దాను.

నీకు ఎలా చెప్పాలి, ఆ పూట దాని మొహం మూడో ర్యాంకు వచ్చిన రోజు కూడా అలా లేదు. నీ మాట మీద నాకు గురి కుదిరింది. రెండోది తొందరగా పంపు.

మీ అబ్బాయి మణిదీప్ కూడా దీని ఈడువాడే కదా. ఈ లెక్కలు వాడెలా చేస్తున్నాడు? నీ దగ్గరే ఉన్నాడు కాబట్టి వాడికీ అదృష్టమే.

అనసూర్య

(భవ్య కాగితం)

టీచర్ ఆంటీకి నమస్తే. మా క్లాస్‌ల బెంచికి ఇద్దరు కూసుంటం. బేసి మంది ఉంటే ఒకరు ఒక్కరే కూసుంటరు. పక్క క్లాస్‌ల గూడ బేసి మంది ఉంటే ఆడ గూడ ఒకరు ఒక్కరే ఉంటరు. రెండు క్లాసులు కలిపితే ఆ ఒక్కరు ఈ ఒక్కరు ఒకే బెంచి మీద కూసుంటరు. ఇగ ఎవ్వరు ఒక్కరే ఉండరు. అందుకే ఎంత పెద్ద క్లాసులైనా సరి సంఖ్యే వస్తది. ఇరవై ఒకటోసారి కూడి చూసే పని లేదని మమ్మీకి చెప్పుండ్రి.


ఖానాపూర్,
జూలై 30

అనసూర్యా,

ఆ కాగితాన్ని మా ఏడో తరగతి గోడకు అంటించాను. పేరు రాయలేదు, "కరీంనగర్ పాప" అని రాశాను. మావాళ్ళు అది చదివి, సరి సంఖ్యకు బేసి కలిపితే ఏమవుతుందో బెంచీల మీద కూర్చుని చూపించారు. ఇరవై ఒకటోసారి అక్కరలేదన్న మాట ఉంది చూశావూ, లెక్కలంటే అదే. నీ బిడ్డ దానంతట అది అక్కడికి చేరింది.

రెండోది. కరీంనగర్ నుంచి ఒక బండి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. అదే దారిలో గంటకు అరవైతో తిరిగి వచ్చింది. మొత్తం ప్రయాణానికి సగటు వేగం ఎంత? దీనికి వాళ్ళ బడిలో ఒక షార్ట్‌కట్ చెప్పే ఉంటారు, జవాబు నలభై ఎనిమిదని టక్కున చెప్తుంది. చెప్పనీ. నేను అడిగేది, యాభై ఎందుకు కాలేదని.

మా పిల్లలు దీని దగ్గర రెండు రోజులు కొట్టుకున్నారు. అందరూ యాభై అనే అంటారు. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. వాగు పొంగి రెండు రోజులు బడికి దారి లేదు.

మమత


కరీంనగర్,
సెప్టెంబర్ 12

మమతా,

బండి లెక్క భవ్య ఒక్క వాక్యంలో తేల్చింది. "నెమ్మదిగ పోయే బండిల ఎక్కువసేపు కూసుంటం కద మమ్మీ, అందుకే సగటు దాని దిక్కు గుంజుకుంటది." నువ్వుంటే సంతోషపడేదానివి. కాగితం మీద రాయించే లోపల బళ్ళో గొడవ జరిగింది. అది వరుసగా రాస్తాను.

వాళ్ళకు ప్రతి శనివారం పరీక్ష. ముప్పై ప్రశ్నలు, ముప్పై నిమిషాలు, గళ్ళు నింపాలి. పోయిన శనివారం ఒక ప్రశ్న ఇది: ఒక త్రిభుజం భుజాలు ఐదు, ఏడు, పన్నెండు సెంటీమీటర్లు. చుట్టుకొలత ఎంత? ఇరవై నాలుగు అన్న గడి నింపితే అయిపోయేది. ఇది ఏ గడీ నింపకుండా పక్కన పెన్సిలుతో "ఈ త్రిభుజం లేదు" అని రాసి వచ్చింది. యంత్రం పెన్సిలు రాతలు చదవదు కదా. సున్న వేసింది.

సోమవారం క్లాసులో సారును అడిగిందట. వాళ్ళు మాట్లాడుకున్నది నాకు రెండుసార్లు చెప్పింది. అది చెప్పినట్టే రాస్తున్నాను.

"సార్, ఐదు, ఏడు కలిపితెనే పన్నెండు అయితది. ఆ రెండు గీతలు పన్నెండు గీత మీదనే పడుకుంటయి. లేవయి. త్రిభుజం అయ్యేదే లేదు."

"నిన్ను చుట్టుకొలత అడిగిననా, త్రిభుజం ఉన్నదా లేదా అని అడిగిననా?"

"లేని త్రిభుజానికి చుట్టుకొలత ఎక్కడికెంచి వస్తది సార్?"

"మూడు కూడితె వస్తది. కూడుడు గూడ మర్చిపోయినవా?"

క్లాసంతా నవ్విందట. ఇది ఊరుకోకుండా, సోమవారం పొద్దున నా చీపురులోంచి పుల్లలు లాగి కొలిచి విరుచుకుపోయినవి బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. సారు వాటిని కిటికీలోంచి పారేసి, గంట కొట్టేదాకా బయట నిలబెట్టాడు. "ఆన్సర్ కీల ఏముంటె గదే రైటు. నువ్వు కీ కంటె ఎక్కువనా?" అన్నాడట.

ఆ చీపురు సంగతి నాకు ముందే తెలిస్తే నేనే ఆపేదాన్నేమో. నిజం చెప్తున్నాను.

ఇంతటితో పోతే బాగుండేది. ఈ మధ్య మూడు పరీక్షల్లో ముప్పైకి పద్దెనిమిదికి మించి చేయలేదు. చేసినవన్నీ ఒప్పే. కానీ ప్రతిదీ చేశాక అది సరైందా కాదా అని వెనక్కి తిరిగి చూసుకుంటోంది. మిగతా పిల్లలు అప్పటికి ముప్పై నింపి కూర్చుంటున్నారు. వాళ్ళ బళ్ళో స్టార్ సెక్షన్ పిల్లల మెడలో బ్యాడ్జికి ఎర్ర తాడు, మామూలు సెక్షన్‌కు నీలం తాడు. దసరా తర్వాత దీనికి తాడు మారుతుందని ఫోనులో సందేశం పెట్టారు.

మా ఆయన శ్రీహరి మంచివాడే, నీకు తెలుసు. నిన్న అన్నం ముందు కూర్చుని, "నీ దోస్తు ఉత్తరాలు షురూ చేసినంకనే పిల్ల ఖరాబైంది" అన్నాడు. "ఖరాబ్ కాలే, ఆలోచిస్తుంది" అన్నాను. "ఆలోచించుడు పీజీల చేస్తది తియ్యి. ఇప్పుడు గళ్ళు నింపమను" అన్నాడు.

నేను నీ మాట పట్టుకుని నిలబడ్డాను. కానీ ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. మణిదీప్‌కు ఇలా జరిగితే నువ్వేం చేస్తావు?

అనసూర్య


ఖానాపూర్,
సెప్టెంబర్ 25

అనసూర్యా,

"లేని త్రిభుజానికి చుట్టుకొలత ఎక్కడ నుంచి వస్తుంది." ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను, ఏ పిల్లా నన్ను ఈ ప్రశ్న అడగలేదు. ఆ సారును నేనయితే బెంచీ ఎక్కించి నిలబెట్టేదాన్ని.

భయపడకు. వేగం తర్వాత వస్తుంది. అర్థమైన పిల్లకు వేగం రావడం ఎంతసేపు? తాడు రంగు చూసి వెనక్కి తగ్గితే ఇన్నాళ్ళు చేసిందంతా నీళ్ళపాలు. ఇప్పుడు దాని నోరు మూయిస్తే మళ్ళీ తెరవదు. నువ్వు గట్టిగా ఉండు. శ్రీహరి అన్నకు నేను చెప్పానని చెప్పు.

మూడో లెక్క వేరే కాగితం మీద రాశాను. బతుకమ్మ సెలవుల్లో చేయనీ.

మమత


కరీంనగర్,
నవంబర్ 20

మమతారాణి గారికి,

తాడు మారింది. దీపావళికి ముందు రోజు బడి బస్సు దిగేటప్పుడు భవ్య బ్యాడ్జిని చున్నీ కింద దాచుకుని వచ్చింది. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కింది ఇంటావిడ దాన్ని ఆపి, "ఏం బిడ్డా, తాడు ఎక్కడ పడగొట్టుకున్నవ్?" అని అడిగింది. అంతా తెలిసే అడిగింది.

మామూలు సెక్షన్‌కు లెక్కల సారు లేడు. నెల రోజులుగా పీటీ సారు వచ్చి, పాత పరీక్షల కీలు బోర్డు మీద రాసి పోతున్నాడు. నేను వెళ్ళి ఇన్‌ఛార్జి మేడంను కలిశాను. నీ మాటలన్నీ మనసులో వరుసగా పెట్టుకుని పోయాను. ఈ వయసు పిల్లలు తమ జవాబు తప్పో ఒప్పో తామే చెప్పగలగాలి మేడం అన్నాను. ఎందుకు అని అడగనివ్వాలన్నాను. త్రిభుజం సంగతి చెప్పాను. ఆవిడ విసుక్కోకుండా మొత్తం విన్నది. టీ తెప్పించింది. తర్వాత ఇలా అంది.

"మీ అసొంటి పేరెంట్స్ ఉండుడు మంచిదే మేడం. కని గీ మాటలు మీకెవ్వరు చెప్పిండ్రో గని, వాళ్ళు పుస్తకాలు సదివి చెప్పిండ్రు. సర్కారు బడి లెక్కల టీచర్లే తమ పిల్లల్ని మా దగ్గర ఏస్తుండ్రు. ఖానాపూర్ దిక్కు ఒక లెక్కల మేడం ఉన్నది. కొడుకును ఆరో తరగతి నుంచి మా హాస్టల్ బ్రాంచిల పెట్టింది. పోయిన నెల ఆ పిలగాడు బ్రాంచికి రెండో ర్యాంకు. లెక్కలు తెలిసిన మనిషి, ఊకెనే ఏస్తదా?"

పేరేమిటని అడిగాను. అడగకుండా వచ్చేస్తే బాగుండేది.

"మమతారాణి" అంది. "మీకు ఎరుకనా?"

ఎరుక లేదన్నాను. టీ తాగేసి వచ్చాను.

నీ జూలై ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. మణిదీప్ గురించి అడిగితే "మా పిల్లలు రెండు రోజులు కొట్టుకున్నారు" అని రాశావు. నేను అందులో మణిదీప్‌ను కూడా కలుపుకున్నాను. నువ్వు కలుపుకుంటానని తెలిసే అలా రాశావు. సెప్టెంబరులో సూటిగా అడిగాను. "నువ్వు గట్టిగా ఉండు" అన్నావు. గట్టిగానే ఉన్నాను. మొగుడితో మూడు నెలలు మాటలు పడ్డాను. నా బిడ్డను క్లాసు బయట నిలబెడితే నాకు గర్వంగా ఉందని దానితో చెప్పాను కూడా. నీ కొడుకు అప్పుడు ఏసీ గదిలో గళ్ళు నింపుతున్నాడు.

ఒక మందు మంచిదని పక్కింటి పిల్లకు పోసి, తన పిల్లకు పోయని మనిషిని ఏమంటారు? నువ్వు చదువుకున్నదానివి, ఆ మాట నువ్వే వెతుక్కో.

ఇక లెక్కలు పంపవద్దు.

అనసూర్య


ఖానాపూర్,
డిసెంబర్ 11

అనసూర్యా,

ఆ "గారు" నాకు బాగా తగిలింది. తగలాలనే రాశావు.

అవును, మణిదీప్ అక్కడే ఉన్నాడు. నేనే చేర్పించాను. వాళ్ళ నాన్న వద్దన్నాడు, నేనే వినలేదు. కాబట్టి మా ఆయన మీద తోసి తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

నువ్వు నన్ను పిల్లలు లెక్కల్లో ఏం నేర్చుకోవాలని అడిగావు. నాకు తెలిసింది రాశాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, ఇప్పుడు అడిగినా అదే రాస్తాను. అది నేర్చుకున్న పిల్లను ఎవరు చేర్చుకుంటారని నువ్వు అడగలేదు. అడిగితే నాకు జవాబు తెలియదు.

మా బళ్ళో ఏడో తరగతికి పదకొండు మంది. వాళ్ళకు రొట్టెలు విరిచి భిన్నాలు చెప్పినా ఎవరూ అడగరు, చెప్పకపోయినా ఎవరూ అడగరు. వాళ్ళ మీద ఎవరికీ ఏ ఆశా లేదు కాబట్టి నేను నాకు నచ్చినట్టు పాఠం చెప్పుకోగలుగుతున్నాను. ఆరేళ్ళ కిందట అలేఖ్య అని ఒక పిల్ల ఉండేది. త్రిభుజం మూడు కోణాలు కలిపితే సరళ రేఖ ఎందుకవుతుందో కాగితం చింపి, మూలలు పక్కపక్కన పెట్టి, నేను చెప్పకముందే చూపించింది. ఇప్పుడు ఇక్కడి బస్టాండు దగ్గర బట్టల కొట్లో చీరలు మడత పెడుతుంది. నన్ను చూస్తే చాలు, "నమస్తే మేడం, కూసోండ్రి" అంటుంది. ఆ కొట్టుకు పోవడం మానేశాను. మణిదీప్ ఆరో తరగతికి వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ పిల్లే.

"మరి నా బిడ్డ విషయంలో ఎందుకు భయపడలేదు?" అంటావు. అది నా బిడ్డ కాదు కాబట్టి. ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందేమోనని పది రోజులు చూశాను. లేదు.

నువ్వూ ఒకటి ఒప్పుకో. నేను చెప్పింది నిజమని నీకు ఆ బెంచీల కాగితం చూసినప్పుడే తెలిసింది. నా కొడుకు హాస్టల్లో ఉన్నాడని తెలిసినంత మాత్రాన అది అబద్ధమైపోదు. అలా అయిపోతే నీకు సులువు, అంతే. ఇక భవ్యను ఎర్ర తాడు వైపు తిప్పుకోవచ్చు. నా పేరు చెప్పి తిప్పుకుంటావు.

దీపావళికి మణిదీప్ రెండు రోజులు వచ్చాడు. బెంచీల లెక్క చెప్పాను. మర్యాదగా విన్నాడు.

"ఇది ఏ ఎగ్జాంల వస్తది మమ్మీ?" అన్నాడు.

"ఏ ఎగ్జాంల రాదు నానా."

"మరెందుకు చెప్తున్నవ్?"

వాడి బట్టలు సర్దడానికి లేచాను. నీకైతే రెండు పేజీలు రాసేదాన్ని.

లెక్కలు పంపవద్దన్నావు, పంపను. భవ్యకు ఏం చెప్తావో నీ ఇష్టం.

మమత


కరీంనగర్,
ఏప్రిల్ 2

మమతా,

రాయకూడదనుకున్నాను. నాలుగు నెలలు రాయలేదు కూడా. ఈ సంగతి చెప్పడానికి నీకు తప్ప అర్థమయ్యే మనిషి ఇంకెవరూ లేరు, అందుకు రాస్తున్నాను.

నీ డిసెంబరు ఉత్తరం చదివి కోపంతో మడిచి పెట్టాను. తర్వాత నువ్వు చెప్పినట్టే చేశాను. నీ పేరు చెప్పి తిప్పాను. "టీచర్ ఆంటీ లెక్కలు ఇగ రావా మమ్మీ?" అని భవ్య అడిగితే, "వాళ్ళ కొడుకే మీ బళ్ళె సదువుతుండు బిడ్డా. ఆమెకే లేదు గా పట్టింపు, మనకెందుకు?" అన్నాను. అది కాసేపు నా మొహం చూసింది. "అట్లనా" అంది. మళ్ళీ అడగలేదు.

మా ఆయన సాయంత్రం పూట ట్యూషన్ పెట్టించాడు. ఆ సారు ఒక్కటే నేర్పుతాడు. ప్రశ్న మొత్తం చదవకు, అంకెలు చూడు, గళ్ళు చూడు, కుదరని వాటిని కొట్టెయ్యి, నింపు. మొదట్లో భవ్య పెన్సిలుతో పక్కన ఏదో రాసుకునేది. ఆయన పెన్సిలు తీసేసుకున్నాడు. ఫిబ్రవరి కల్లా ముప్పైకి ముప్పై చేయసాగింది. మార్చి మొదటి వారంలో స్టార్ సెక్షన్ మళ్ళీ ఇచ్చారు. శ్రీహరి స్వీట్లు పంచాడు. కింది ఇంటావిడకు రెండు ఎక్కువే ఇచ్చాడు. నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

మొన్న ఆదివారం కిటికీలకు కొత్త పర్దాలు కుడదామని కొలిచాను. ఆరు కిటికీలు. ఒక్కోదానికి రెండుంపావు మీటర్ల బట్ట. వాళ్ళ నాన్న బజారుకు బయలుదేరుతుంటే చీటీ రాయమని భవ్యను పిలిచాను. పరీక్షించాలనో ఏమో, నాకే తెలియదు, కావాలని తప్పు చెప్పాను.

"ఆరు కిటికీలకు రెండుంపావు లెక్కన పన్నెండు మీటర్లు. రాయి."

రాసింది.

పోయినేడు అయితే పావులు ఎక్కడ పోయినయని చెంగు పట్టుకుని ఆపేది. అందుకే ఇంకో అవకాశం ఇచ్చాను. "పన్నెండు సరిపోతదంటవా?"

"నువ్వే చెప్పినవ్ కద మమ్మీ" అని చీటీ నా చేతికిచ్చి, పరీక్ష పుస్తకం ముందు కూర్చుంది.

చీటీ దిద్దుదామని పెన్ను తీశాను. దిద్దలేదు. వాళ్ళ నాన్న పన్నెండు మీటర్లే తెచ్చాడు. ఐదు కిటికీలకు కుట్టాను. అది చదువుకునే బల్ల ముందున్న కిటికీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా మొహం మీద పడుతుంటే పుస్తకం ఇటు జరుపుకుంటుంది, కుర్చీ అటు జరుపుకుంటుంది. ఈ కిటికీకి పర్దా ఎందుకు లేదని ఇప్పటిదాకా అడగలేదు.

అనసూర్య